కరెంటు పోయినా ఆసుపత్రి ఆగకూడదు



రోగుల వెంట వార్డుల్లో ఉండే బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "కరెంటు బాగానే ఉంది కదండీ, మీరే ఎందుకు తీసేస్తున్నారు?" జనరేటర్‌ను పరీక్షించడానికి మెయిన్ ఆపిన రోజున ఈ మాట వినిపిస్తుంది. ఫ్యాన్లు ఆగిపోతాయి, లైట్లు ఆరిపోతాయి. కొన్ని సెకన్లకు జనరేటర్ చప్పుడు మొదలై మళ్ళీ వెలుగు వస్తుంది. మంచం మీద ఉన్నవారికి ఇది అనవసరమైన ఇబ్బందిగా తోచడం సహజమే.

ఈ ఇబ్బంది ఎందుకు పెడుతున్నామో ఈ సంచికలో వివరిస్తాము. ఆసుపత్రి వంటి పెద్ద భవనానికి కరెంటు ఎలా వస్తుంది, అది పోయినప్పుడు ఏది ఆదుకుంటుంది, ఆదుకోవలసినది ఒక్కోసారి ఎందుకు మొరాయిస్తుంది, ఆ కారణాన్ని ఎలా వెతకాలి అన్న సంగతులు అందరూ తెలుసుకోదగినవి. సంతలో ఎద్దును కొనే రైతు అది నిలబడి ఉండటం చూసి డబ్బు ఇవ్వడు. కాడి కట్టి నడిపించి చూస్తాడు. జనరేటర్ విషయం కూడా అంతే. షెడ్డులో నిలబడి ఉన్నంత మాత్రాన అది పనిచేస్తుందని చెప్పలేము. బరువు మోయించి చూడాలి.

కరెంటు మన దాకా వచ్చే దారి

మన కొండలు కరెంటు పుట్టే చోటు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. దాని సామర్థ్యం 120 మెగావాట్లు. ఇటు సీలేరు మీద కూడా విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. అయినా కొండల్లో పుట్టిన కరెంటు నేరుగా మన గూడెంలోకి రాదు. పెద్ద లైన్ల మీద గ్రిడ్‌లోకి వెళ్ళి, సబ్‌స్టేషన్లలో మెట్టు మెట్టుగా వోల్టేజీ తగ్గించుకుంటూ, 33 వేల వోల్టుల లైను నుండి 11 వేల వోల్టుల లైనుకు, అక్కడి నుండి ఆసుపత్రి ఆవరణలోని ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దానిని ఇంకా తగ్గించి మెయిన్ ప్యానెల్‌కు ఇస్తుంది. అక్కడి నుండి ఒక్కో అంతస్తుకు, ఒక్కో వార్డుకు వేర్వేరు పెట్టెల ద్వారా పంచబడి, చివరకు మీ మంచం పక్కన ఉన్న ప్లగ్గులో 230 వోల్టులుగా అందుతుంది.

ఈ దారిలో ఎక్కడ తెగినా చీకటే. మైదానంలో లైను రోడ్డు పక్కగా వెళ్తుంది. ఇక్కడ అడవిలో నుండి, లోయలు దాటుకుంటూ వస్తుంది. వేసవి చివర ఈదురుగాలికి కొమ్మ విరిగి తీగ మీద పడుతుంది. పిడుగు పడితే లైనులోకి ఒక్క క్షణం విపరీతమైన వోల్టేజీ దూసుకొస్తుంది. వర్షాకాలంలో కొండచరియ జారి స్తంభం ఒరిగిపోతుంది. లైన్‌మన్‌కు తెగిన చోటు కనిపెట్టడానికే కాలినడకన చాలా దూరం తిరగవలసి వస్తుంది. అందువలన పట్టణంలో గంటలో సరిచేసే పనికి కొండల్లో ఒక పూట పట్టవచ్చు. మన ప్రాంతంలో ఉండే ఆసుపత్రి, ఆశ్రమ పాఠశాల, హాస్టల్, హోటల్ ఏదైనా సరే "కరెంటు పోతే" అని కాదు, "కరెంటు పోయినప్పుడు" అని ఆలోచించి ఏర్పాట్లు చేసుకోవాలి.

మూడు అంచెల కాపుదల

మొదటి అంచె బ్యాటరీ. దీనినే యు.పి.ఎస్. అంటారు. ఆపరేషన్ థియేటర్‌లో దీపం, వెంటిలేటర్, మానిటర్ వంటివి ఒక్క క్షణం కూడా ఆగకూడదు. కరెంటు పోయిన మరుక్షణమే బ్యాటరీ వాటిని అందుకుంటుంది. అయితే ఇది కొద్ది నిమిషాలు మోసేదే గాని గంటలు మోసేది కాదు.

రెండవ అంచె డీజిల్ జనరేటర్. కరెంటు పోయిందని గుర్తించే ప్యానెల్ ఒకటి దానికి ఉంటుంది. అది కొన్ని సెకన్లు ఆగి, కరెంటు నిజంగా పోయిందా, లేక ఒక్కసారి మినుకుమని మళ్ళీ వచ్చిందా అని చూస్తుంది. నిజంగా పోతే బ్యాటరీ సాయంతో ఇంజనును తిప్పుతుంది. ఒకసారి తిరగకపోతే మళ్ళీ తిప్పుతుంది. సాధారణంగా మూడుసార్లు ప్రయత్నించి, అప్పటికీ రాకపోతే ఆగిపోయి హెచ్చరిక గంట మోగిస్తుంది. ఇంజను అందుకుని వోల్టేజీ నిలకడగా వచ్చిన తరువాత చేంజ్ ఓవర్ స్విచ్ పడుతుంది. అంటే భవనాన్ని బయటి లైను నుండి విడదీసి జనరేటర్‌కు కలుపుతుంది. అమెరికాలో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు ఇదంతా 10 సెకన్లలోపు జరగాలని నియమం ఉంది.

మూడవ అంచె మనిషి చేతులు. వెంటిలేటర్ ఆగితే నర్సు అంబు సంచితో ఊపిరి అందించాలి. పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ ఆగితే బిడ్డను తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా పెట్టి పైన దుప్పటి కప్పాలి. దీనినే కంగారూ పద్ధతి అంటారు. అరకు చలిలో బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు తల్లి ఒంటి వెచ్చదనం ఎంత ఆధారమో మీరే గ్రహించగలరు. దీనికి కరెంటు అక్కరలేదు. కానీ ఎవరు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. టార్చి ఎక్కడ ఉందో, అంబు సంచి ఏ డ్రాయరులో ఉందో చీకట్లో వెతుక్కోకూడదు. మెయిన్ ఆపి చేసే పరీక్ష ఇంజనుకు మాత్రమే కాదు, ఈ మూడవ అంచెకు కూడా. అందుకే ఆ సమయంలో క్లిష్ట స్థితిలో ఉన్న రోగి ఒక్కొక్కరి పక్కన సిబ్బంది నిలబడి ఉండాలి. ఆపరేషన్ జరుగుతుండగా ఇటువంటి పరీక్ష పెట్టకూడదు.

జనరేటర్ ఉన్నా ఎందుకు మొరాయిస్తుంది?

కరెంటు పోయినప్పుడు జనరేటర్ రాకపోతే చాలామంది ఇంజను చెడిపోయిందనుకుంటారు. నిజానికి చాలాసార్లు తప్పు పెద్ద ఇంజనులో ఉండదు, దాని చుట్టూ ఉన్న చిన్న వస్తువుల్లో ఉంటుంది. ముఖ్యమైనవి ఇవి:

1. స్టార్టింగు బ్యాటరీ. జనరేటర్ రాకపోవడానికి తరచుగా కనిపించే కారణం ఇదే. మీటరు పెట్టి చూస్తే 12 వోల్టులు చూపిస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. ఇంజను తిప్పమనగానే పడిపోతుంది. పాతబడిన బ్యాటరీ చలి రాత్రుల్లో మరీ బలహీనమవుతుంది. టెర్మినల్ మీద తెల్లగా పట్టిన తుప్పు కూడా ఇదే పని చేస్తుంది.

2. డీజిల్. నెలల తరబడి నిలవ ఉన్న డీజిల్ పాడవుతుంది. మన మంచు, తేమ వలన ట్యాంకు లోపలి గోడలకు నీటి చెమ్మ పట్టి అడుగుకు చేరుతుంది. ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి జిగురు కడతాయి. అది ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఇంజను లేచి, పది నిమిషాలు నడిచి, ఆగిపోతుంది.

3. స్విచ్ స్థానం. మెకానిక్ సర్వీసు చేసేటప్పుడు ప్యానెల్‌ను "ఆటో" నుండి "మాన్యువల్"కు మారుస్తాడు. పని అయ్యాక తిరిగి మార్చడం మరిచిపోతే జనరేటర్ నిక్షేపంగా ఉండి కూడా కదలదు. ఇది వినడానికి చిన్న విషయమే. కానీ అర్ధరాత్రి షెడ్డు తాళం ఎవరి దగ్గరుందో వెతికే సమయంలో అది ఎంత పెద్దదో తెలుస్తుంది.

4. తేలిక బరువు. జనరేటర్‌ను ఊరికే స్టార్టు చేసి ఐదు నిమిషాలు నడిపి ఆపేయడం పరీక్ష అనిపించుకోదు. బరువు లేకుండా తరచూ నడిపితే పూర్తిగా మండని డీజిల్, మసి పొగగొట్టంలో పేరుకుంటాయి. అమెరికా ప్రమాణాల ప్రకారం నెలకు ఒకసారి, కనీసం 30 నిమిషాలు, ఇంజను సామర్థ్యంలో 30 శాతానికి తగ్గని బరువు మీద నడపాలి.

5. పెరిగిన వాడకం. జనరేటర్ కొన్నప్పుడు భవనంలో రెండు ఏ.సి.లు ఉంటే ఇప్పుడు పది ఉండవచ్చు. గీజర్లు, కొత్త ఎక్స్‌రే యంత్రం, ఆక్సిజన్ ప్లాంటు వచ్చి ఉండవచ్చు. 2021లో కోవిడ్ రెండవ ఉధృతి తరువాత దేశమంతటా ఎన్నో ఆసుపత్రుల్లో గాలి నుండి ఆక్సిజన్ తయారుచేసే ప్లాంట్లు పెట్టారు. అవి కరెంటు మీదే నడుస్తాయి. కరెంటు పోతే ఆక్సిజన్ కూడా ఆగుతుంది గనుక పక్కన నిండు సిలిండర్లు ఉండి తీరాలి. పైగా మన అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలుచబడి ఇంజను శక్తి కొంత తగ్గుతుంది. దీనిని లెక్కలోకి తీసుకోవాలి.

6. పురుగూ పుట్రా. ఎలుక కేబులు కొరుకుతుంది. బల్లి ప్యానెల్‌లో రెండు తీగల మధ్య పడి షార్టు అవుతుంది. వానాకాలంలో వెచ్చదనానికి పాములూ చేరతాయి. కేబులు వచ్చే రంధ్రాలను మూయకపోతే లక్షల రూపాయల యంత్రాన్ని ఒక బల్లి ఆపగలదు.

మూడు విపత్తులు చెప్పిన పాఠం

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గాలి వేగం గంటకు 170 కిలోమీటర్లు మించింది. నగరంలో స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు వేల సంఖ్యలో కూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. కొండల మీద కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు విరివిగా నేలకొరిగాయి. ఆ రోజుల్ని మీలో చాలామంది కళ్ళారా చూశారు. అప్పుడు తెలిసి వచ్చిన సంగతి ఏమిటంటే, కరెంటు ఒంటరిగా పోదు. దానితో పాటు సెల్ టవర్లు ఆగిపోయాయి గనుక కబురు పంపే దారి లేదు. చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి గనుక డీజిల్ రాదు. పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరారు. "డీజిల్ అయిపోతే తెప్పించుకుందాం" అనే ఏర్పాటు అటువంటి రోజున ఏర్పాటు కాదు.

లెక్క చూడండి. 125 కె.వి.ఎ. జనరేటర్ ముప్పాతిక బరువు మీద గంటకు సుమారు 20 లీటర్ల డీజిల్ తాగుతుంది. 200 లీటర్ల పీపా పది గంటలకు సరిపోతుంది. మూడు రోజులు, అంటే 72 గంటలు నడపాలంటే 1,440 లీటర్లు కావాలి. అంత నిలవ ఉంచలేని చోట బరువు తగ్గించుకోవాలి. ఏ.సి.లు, గీజర్లు, వరండా దీపాలలో సగం ఆపి, థియేటర్, కాన్పుల గది, నవజాత శిశువుల గది, ఆక్సిజన్, రక్తనిధి, టీకాల ఫ్రిజ్ మాత్రం నడపాలి. ఏది ముందు ఆపాలో ఆ జాబితా ముందే గోడ మీద ఉండాలి. చీకట్లో వాదించుకుని తేల్చుకునే విషయం కాదది.

మరుసటి సంవత్సరం, 2015 డిసెంబరు మొదటి వారంలో చెన్నై వరదల్లో అడయారు నది పొంగింది. మనపాక్కంలో నది పక్కన ఉన్న మియాట్ ఆసుపత్రిలోకి నీరు చేరి జనరేటర్లు ఆగిపోయాయి. ఆ రోజుల్లో అక్కడ 18 మంది రోగులు మరణించినట్లు వార్తలు వచ్చాయి. వారు అప్పటికే విషమ స్థితిలో ఉన్నారని, అన్ని మరణాలకూ కరెంటు కారణం కాదని ఆసుపత్రి వర్గాలు చెప్పాయి. ఆ వాదన ఎలా ఉన్నా పెద్ద భవనాల నిర్వాహకులందరికీ ఒక సంగతి స్పష్టమైంది. కరెంటు తీసే వాన, జనరేటర్‌ను ముంచే వాన రెండూ ఒకటే. నీరు నిలిచే పల్లంలో జనరేటర్ పెడితే అది సరిగ్గా అవసరమైన రోజునే పనికిరాకుండా పోతుంది.

అయితే పై అంతస్తులో పెడితే చాలా? 2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుఫానుకు న్యూయార్క్‌లో సముద్రం నగరంలోకి వచ్చింది. అక్కడి బెల్‌వ్యూ ఆసుపత్రి వారు జనరేటర్లను 13వ అంతస్తులో జాగ్రత్తగా పెట్టుకున్నారు. అవి మునగలేదు. కానీ వాటికి డీజిల్‌ను పైకి తోడే పంపులు నేలమాళిగలో ఉన్నాయి. అవి మునిగిపోయాయి. సిబ్బంది, సైనికులు మెట్ల మీద వరుసగా నిలబడి డీజిల్‌ను చేతికి చేయి అందిస్తూ 13 అంతస్తులు ఎక్కించారు. దగ్గరలోనే ఉన్న ఎన్.వై.యు. లాంగోన్ ఆసుపత్రిలో కూడా బ్యాకప్ విద్యుత్ ఆగింది. అక్కడి 300 మందికి పైగా రోగులను ఆ రాత్రి మెట్ల మీదుగా కిందకు దించారు. ఊపిరి యంత్రాల మీద ఉన్న పసికందులకు నర్సులు చేత్తో గాలి అందిస్తూ దిగారు. ఎవరి ప్రాణమూ పోలేదు. రెండు అంచెలు తెగినా మూడవ అంచె కాపాడింది.

గొలుసు బలం దాని బలహీనమైన కొక్కెంలో ఉంటుంది. ఆ కొక్కెం ఎక్కడ ఉందో తెలుసుకోవడమే పరిశోధన అంతా.

గోడల లోపల దాగిన లోపాలు

బయట కరెంటు ఉండి, భవనంలో మాత్రం పోయే సందర్భాలూ ఉన్నాయి. వీటిలో మూడింటి గురించి చెబుతాము.

మొదటిది వదులైన జాయింటు. ప్యానెల్‌లో తీగను బిగించిన బోల్టు ఏళ్ళు గడిచేకొద్దీ వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా వదులవుతుంది. చివరకు కాలిపోతుంది, ఒక్కోసారి మంటలు లేస్తాయి. ముందు వచ్చే సూచనలు మినుకుమనే దీపం, ప్లగ్గు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన, వేడెక్కిన స్విచ్ బోర్డు.

రెండవది న్యూట్రల్ తెగడం. పెద్ద భవనాలకు మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ తీగ వస్తాయి. ఆ న్యూట్రల్ తెగితే కరెంటు పూర్తిగా పోదు, అదే దీనిలోని ప్రమాదం. ఒక గదిలో దీపాలు మసకబారుతాయి, మరో గదిలో విపరీతంగా వెలుగుతాయి. ఆ రెండవ గదిలో 230కి బదులు 300 వోల్టులు దాటవచ్చు. ఫ్రిజ్‌లు, మానిటర్లు కాలిపోతాయి. దీపాలు ఒకచోట మసకగా, ఒకచోట మరీ ప్రకాశంగా కనిపిస్తే వెంటనే మెయిన్ ఆపించాలి.

మూడవది ఎర్తింగ్. లోపం వచ్చిన కరెంటు మనిషి ఒంట్లో నుండి కాకుండా భూమిలోకి పోవడానికి ఎర్తు గొయ్యి తవ్వుతారు. రాతి నేలలో, ఎండిన నేలలో భూమి కరెంటును సరిగా తీసుకోదు. మన కొండ నేలల్లో ఇది పెద్ద సమస్య. వేసవిలో గొయ్యి ఎండకుండా నీరు పోయడం, ఏటేటా మీటరుతో కొలిపించడం తప్పనిసరి. యంత్రం ముట్టుకుంటే "జివ్వు"మనడం ఎర్తు బాగాలేదనడానికి గుర్తు. "పాత యంత్రం కదా, అలాగే ఉంటుంది" అని ఊరుకోకూడదు.

కారణాన్ని ఎలా వెతకాలి?

జ్వరం వచ్చినవారికి మాత్ర ఇచ్చి పంపేయడం వైద్యం కాదు. జ్వరం మలేరియా వలనా, టైఫాయిడ్ వలనా అన్నది రక్తపరీక్ష చేసి తెలుసుకోవాలి. పడిపోయిన బ్రేకర్‌ను మళ్ళీ ఎత్తేసి "కరెంటు వచ్చింది" అనుకోవడం కూడా అటువంటి మాత్రే. సరైన పరిశీలన ఈ వరుసలో సాగుతుంది.

ముందు గడియారం. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు పోయింది, జనరేటర్ ఎప్పుడు లేచింది, ఏ వార్డుకు వెలుగు వచ్చింది, ఏ వార్డుకు రాలేదు అన్నవి ఆ రాత్రే రాసుకోవాలి. మరుసటి రోజుకు ఒక్కొక్కరి జ్ఞాపకం ఒక్కో విధంగా మారుతుంది.

తరువాత బయటా లోపలా అన్నది తేల్చాలి. చుట్టుపక్కల ఇళ్ళలో వెలుగు ఉందా? మూడు ఫేజులూ పోయాయా, ఒకటే పోయిందా? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిందా? దీనితో వెతకవలసిన చోటు సగానికి తగ్గుతుంది.

కాలిన తీగ ముక్క, పేలిన ఫ్యూజు, మూసుకుపోయిన ఫిల్టర్ పారేయకూడదు. అవే సాక్షులు. తీసే ముందు ఫోటో తీయాలి.

చివరగా "ఎందుకు" అని ఆగకుండా అడగాలి. ఊహించి చెప్పే ఒక ఉదాహరణ చూడండి. ఒక ఆసుపత్రిలో కరెంటు పోయింది, జనరేటర్ వెంటనే లేచింది. అన్ని వార్డులూ వెలిగాయి గాని పసిపిల్లల గది చీకటిగా ఉండిపోయింది. ఎందుకు? ఆ గది బ్రేకర్ పడిపోయింది. ఎందుకు? దాని మీద బరువు ఎక్కువైంది. ఎందుకు? అత్యవసర లైను ప్లగ్గులో ఎవరో హీటరు, నీళ్ళు కాచే కెటిల్ పెట్టారు. ఇక్కడ ఆగిపోతే తప్పంతా ఆ హీటరు పెట్టిన తల్లి మీద పడుతుంది. ఇంకో అడుగు వేయండి. ఆమె ఆ ప్లగ్గులోనే ఎందుకు పెట్టింది? మామూలు ప్లగ్గు నెల రోజులుగా పనిచేయడం లేదు. ఎందుకు బాగు చేయలేదు? చెప్పినవారు ఎవరికో నోటితో చెప్పారు, రాసుకునే రిజిస్టరు లేదు. ఇప్పుడు దొరికింది అసలు కారణం. ఆ తల్లిని మందలిస్తే రేపు మరో తల్లి అదే చేస్తుంది. ప్లగ్గు బాగుచేసి, రిజిస్టరు పెట్టి, గది వెచ్చగా ఉంచే ఏర్పాటు చేస్తే ఎవరూ చేయరు.

తప్పు ఎవరిది అని మొదలుపెట్టిన విచారణలో అందరూ దాచుకుంటారు. తప్పు ఎక్కడుంది అని మొదలుపెడితే అందరూ చూపిస్తారు. స్విచ్‌ను మాన్యువల్‌లో వదిలిన మెకానిక్ ధైర్యంగా వచ్చి "నేనే మరిచాను" అని చెప్పగలిగిన చోటే తరువాతి రోగి క్షేమంగా ఉంటాడు.

రోగుల బంధువులకు మనవి

ఆసుపత్రిని కాపాడే పనిలో మీ భాగం చిన్నది కాదు. ఈ కొన్ని సంగతులు గుర్తుంచుకోండి.

మంచం దగ్గర ఎర్ర రంగు ప్లగ్గు గాని, "అత్యవసరం" అని రాసిన ప్లగ్గు గాని ఉంటే అందులో సెల్‌ఫోన్ చార్జరు కూడా పెట్టవద్దు. అది యంత్రాల కోసం. హీటరు, ఇండక్షన్ స్టవ్, ఇస్త్రీ పెట్టె ఏ ప్లగ్గులోనూ వద్దు. చలిగా ఉంటే నర్సును అడగండి, దుప్పటి ఇస్తారు.

కరెంటు పోయినప్పుడు పరుగులు పెట్టకండి, లిఫ్టు ఎక్కకండి. మీ రోగి దగ్గర యంత్రం ఆగిపోయి కొద్ది సెకన్లలో తిరిగి మొదలవకపోతే గట్టిగా నర్సును పిలవండి. మొహమాట పడవద్దు. కొవ్వొత్తి, అగ్గిపుల్ల ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించవద్దు. ఆక్సిజన్ ఉన్నచోట చిన్న నిప్పు కూడా క్షణంలో పెద్దదవుతుంది.

కాలిన వాసన వచ్చినా, బోర్డు వేడిగా ఉన్నా, దీపం మినుకుమన్నా చెప్పండి. చదువు రాకపోయినా ఫరవాలేదు, ఆ బోర్డును చూపిస్తే చాలు.

ఇంటి దగ్గర రోగి ఉన్నవారికి

ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్నవారు కరెంటు లేనప్పటి కోసం ఒక సిలిండర్ ఉంచుకోవాలి. బి టైపు సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే సుమారు 12 గంటలు వస్తుంది. మీ గ్రామం నుండి రోడ్డుకు డోలీలో రావలసి ఉంటే ఆ సమయాన్ని కూడా లెక్కవేసుకోండి. డాక్టరు చెప్పిన లీటర్లను మీ అంతట మీరు మార్చవద్దు.

షుగరు కోసం ఇన్సులిన్ వాడేవారు కరెంటు పోయిందని సీసా పారేయనక్కరలేదు. వాడుకలో ఉన్న సీసా ఎండ తగలని చల్లని చోట సాధారణంగా నాలుగు వారాల వరకు పనిచేస్తుంది. తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచవచ్చు. మంచుగడ్డలకు తగలనివ్వకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా పనికిరాదు.

చర్చి, హాస్టల్, కల్యాణ మండపం పెద్దలకు

క్రిస్మస్‌కు, పెండ్లిళ్ళకు, సభలకు చిన్న జనరేటర్ అద్దెకు తెచ్చి భవనానికి కలపడం మామూలే. దీనిలో ప్రాణాంతకమైన పొరపాటు ఒకటుంది. చేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా జనరేటర్ తీగను నేరుగా ప్లగ్గులోనో, బోర్డులోనో కలిపితే కరెంటు మీ భవనంలో ఆగదు. వెనక్కి ప్రయాణించి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌ను చేరుతుంది. వోల్టేజీని తగ్గించే ఆ ట్రాన్స్‌ఫార్మరే వెనుక నుండి వచ్చినదాన్ని పెంచుతుంది. మీ 230 వోల్టులు 11 వేల వోల్టుల లైనులోకి ఎక్కుతాయి. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేయి పెడతాడు. మన చీకటి పోగొట్టడానికి వానలో వచ్చిన మనిషి అతడు. వాయిద్యాలకు, మైకులకు ఖర్చుపెట్టే ముందు ఒక మంచి చేంజ్ ఓవర్ స్విచ్‌కు ఖర్చు పెట్టండి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే బిగించండి.

రెండవది పొగ. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గది లోపల, వరండాలో, కిటికీ కింద జనరేటర్ నడపకూడదు. భవనానికి కనీసం 20 అడుగుల దూరంలో పెట్టాలి. చలి రాత్రి కరెంటు లేదని తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం కూడా ఇంతే ప్రమాదం. తలనొప్పి, వాంతులు, మత్తు వస్తే వెంటనే బయటి గాలిలోకి తీసుకువచ్చి 108కి ఫోను చేయండి.

నేల మీద తెగిపడిన తీగ కనిపిస్తే దానిలో కరెంటు ఉన్నదనే అనుకోండి. దూరంగా ఉండి, పిల్లలను, పశువులను అటు పోనివ్వకుండా 1912కు చెప్పండి.

జనరేటర్ ఉన్న ప్రతి చర్చి, హాస్టల్ పెద్దలు ఈ వారంలోనే ఒక పని చేయవచ్చు. పగటిపూట, అందరికీ ముందే చెప్పి, మెయిన్ ఆపండి. గడియారం చూడండి. జనరేటర్ ఎన్ని సెకన్లకు వచ్చింది, ఏ గది చీకటిగా ఉండిపోయింది, తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, పీపాలో డీజిల్ ఎంత ఉంది అన్నవి ఒక పుస్తకంలో రాయండి. పగలు బయటపడిన లోపాన్ని నిమ్మళంగా బాగుచేసుకోవచ్చు. రాత్రి బయటపడితే ఆ వ్యవధి ఉండదు.